కోళ్ల పెంపకంలో ప్రోబయోటిక్స్, ప్రీబయోటిక్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

కోళ్ల మందుల షాపుల్లో ఇప్పుడు ఒక అర నిండా ప్రోబయోటిక్ ప్యాకెట్లే ఉంటాయి. కొందరు రైతులు వాటిని ప్రతి జబ్బుకీ మందులా వాడతారు. కొందరు ఒక్క బ్యాచ్‌కి వాడి, తేడా కనిపించలేదని పక్కన పడేస్తారు. రెండు పక్షాల వాళ్లూ ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

ప్రోబయోటిక్ అంటే ఏమిటి? ప్రీబయోటిక్ అంటే ఏమిటి? రెండూ ఒకటేనా?

ఒకటి కాదు. ప్రోబయోటిక్ అంటే బతికున్న సూక్ష్మజీవి. తగినంత మోతాదులో ఇస్తే, తీసుకున్న ప్రాణికి మేలు చేసేది అని 2001లో ఐక్యరాజ్యసమితి సంస్థలైన ఎఫ్‌ఏఓ, డబ్ల్యూహెచ్‌ఓ నిపుణులు దానికి నిర్వచనం ఇచ్చారు. అందులో ప్రతి మాటకీ పని ఉంది. బతికి ఉండాలి, తగినంత ఉండాలి, మేలు చేస్తుందని తేలి ఉండాలి. మార్కెట్లో నిరాశపరిచే సరుకు సాధారణంగా ఈ మూడింటిలో ఏదో ఒక చోట తప్పుతుంది.

ప్రీబయోటిక్ ప్రాణి కాదు, పదార్థం. కోడి తాను అరిగించుకోలేక వదిలేసిన దాన్ని పేగులోని మంచి బ్యాక్టీరియా తిని పెరుగుతుంది. ఈ పేరును 1995లో గిబ్సన్, రాబర్‌ఫ్రాయిడ్ అనే శాస్త్రవేత్తలు వాడుకలోకి తెచ్చారు. రెండూ కలిపి ఇస్తే సిన్‌బయోటిక్ అంటారు. ఈమధ్య పోస్ట్‌బయోటిక్ అనే మాట కూడా వినిపిస్తోంది. అది చంపిన బ్యాక్టీరియా లేదా దాని భాగాలతో చేసిన సరుకు, వాటితోపాటు అవి తయారుచేసిన పదార్థాలు కూడా ఉండొచ్చు. బతికించి ఉంచాల్సిన అవసరం లేదు కాబట్టి నిల్వకు సులువు.

కోడి పేగులో బ్యాక్టీరియా ఎలాగూ ఉంటుంది కదా, మళ్లీ మనం ఎందుకు ఇవ్వాలి?

ఈ ప్రశ్నకు జవాబు దొరికితే మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి.

ఊళ్లో నాటుకోడి పొదిగిన పిల్లను చూడండి. గుడ్డు పగలగానే తల్లి రెక్కల కిందికి దూరుతుంది. తల్లి గీరిన చోటే గీరుతుంది, తల్లి రెట్ట పడిన నేల మీదే గింజ ఏరుకుంటుంది. తల్లి పేగులో ఏళ్లుగా కుదురుకున్న బ్యాక్టీరియా మొదటి రోజే పిల్ల పొట్టలోకి చేరుతుంది. ఎవరూ ప్యాకెట్ కొనక్కర్లేదు.

హేచరీలో, అంటే గుడ్లను మెషీన్లలో పొదిగించే చోట, పుట్టిన పిల్లకు ఆ తల్లి లేదు. గుడ్డును శుభ్రం చేసి, పొగబెట్టి, మెషీన్‌లో 21 రోజులు ఉంచి, పిల్లను ట్రేలోంచి బాక్సులోకి, బాక్సులోంచి వ్యానులోకి మారుస్తారు. పొగబెట్టడం తప్పేమీ కాదు, పెంకు మీది రోగక్రిములు పోవాలంటే అది కావాల్సిందే. కానీ దాంతోపాటు తల్లి నుంచి రావాల్సిన మంచివి కూడా పోతాయి. పేగు దాదాపు ఖాళీగా ఉంటుంది. హేచర్ ట్రేలో, బాక్సులో, బ్రూడర్ (పిల్లలను వెచ్చగా ఉంచే చోటు) ఊకలో, డ్రింకర్ నీళ్లలో ఏది ముందు తగిలితే అదే అక్కడ పాగా వేస్తుంది. అది ఈ.కోలై కావచ్చు, సాల్మొనెల్లా కావచ్చు. పెద్ద కోడిని ఏమీ చేయలేని కొద్దిపాటి సాల్మొనెల్లా, ఒక్క రోజు పిల్లలో సులువుగా స్థిరపడేది అందుకే.

కాబట్టి ప్రోబయోటిక్‌కు మంచి అవకాశం ఉండేది పేగు ఖాళీగా ఉన్నప్పుడు, లేదా ఏదో కారణంగా ఖాళీ అయినప్పుడు. నిండా స్థిరపడిన ఆరోగ్యమైన పేగులో కొత్తగా వచ్చిన బ్యాక్టీరియాకు చోటు దొరకడం కష్టం. బ్రాండ్ ఏదన్న దానికన్నా ఏ రోజు ఇచ్చామన్నది ముఖ్యమని నేను అనేది ఇందుకే.

ఇది ఎవరైనా రుజువు చేశారా, లేక కంపెనీల మాటేనా?

రుజువైంది, అదీ కంపెనీల కంటే ముందే. 1970ల మొదట్లో ఫిన్లాండ్‌లో బ్రాయిలర్ కోళ్ల నుంచి సాల్మొనెల్లా ఇన్ఫాంటిస్ అనే రకం జనంలోకి బాగా పాకింది. ఆ సమస్య మీద పనిచేసిన నుర్మి, రాంటాలా అనే ఇద్దరు పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న పెద్ద కోళ్ల పేగులోని సరుకును అప్పుడే పుట్టిన పిల్లలకు తాగించారు. తర్వాత ఆ పిల్లలకు సాల్మొనెల్లా ఇచ్చి చూస్తే, చాలావాటిలో అది నిలవలేదు. 1973లో నేచర్ పత్రికలో ఈ ఫలితం వచ్చింది. మంచివి ముందే చోటు పట్టేస్తే చెడ్డవాటికి చోటు ఉండదన్న ఈ సూత్రాన్ని కాంపిటీటివ్ ఎక్స్‌క్లూజన్ అంటారు. ఒక రకంగా చూస్తే, నాటుకోడి రోజూ చేసే పనిని వాళ్లు ల్యాబ్‌లో చేసి చూపించారు.

ఒక ముఖ్యమైన తేడా గమనించండి. వాళ్లు ఇచ్చింది వందల రకాల బ్యాక్టీరియా కలిసిన సరుకు. మన షాపులో దొరికేది ఒకటో, నాలుగో, ఎనిమిదో రకాలు. నుర్మి ప్రయోగంలో వచ్చిన ఫలితాన్ని చూపించి, ఒకే రకం ఉన్న ప్యాకెట్ కూడా అంతే పనిచేస్తుందని ఎవరైనా అంటే నమ్మాల్సిన పని లేదు. అలాగని ఇంట్లో కోళ్ల రెట్ట కలిపి పిల్లలకు పోసే ప్రయోగాలు చేయకండి. రోగాలు లేవని పరీక్షించిన కోళ్ల నుంచి తీసుకోకపోతే మంచితో పాటు కాక్సిడియా అనే పేగు పరాన్నజీవులు, పురుగులు, సాల్మొనెల్లా అన్నీ వెళ్తాయి.

పేగులో ఇవి ఎక్కడ ఉంటాయి? ఏం చేస్తాయి?

మెడ కింద ఉండే మేత సంచిలో లాక్టోబాసిల్లస్ జాతి ఎక్కువ. అవి గోడకు అంటుకుని, మేతలోని పిండి పదార్థాన్ని కొద్దిగా పులియబెట్టి, లాక్టిక్ ఆమ్లం వదులుతాయి. ఆ పులుపుకే కొన్ని రోగక్రిములు ఆగిపోతాయి. కందనకాయ దగ్గర ఆమ్లం మరీ ఎక్కువ, అక్కడ చాలా బ్యాక్టీరియా చనిపోతుంది. ప్రోబయోటిక్‌కు అది మొదటి పరీక్ష. దాని తర్వాత చిన్నపేగులో పిత్తం రెండో పరీక్ష.

అసలు జనాభా ఉండేది చివర్లో ఉన్న రెండు గుడ్డిపేగుల్లో, అంటే సీకాల్లో. మేత మిగతా పేగులోంచి కొద్ది గంటల్లోనే సాగిపోతుంది కానీ సీకాల్లోకి వెళ్లింది అక్కడే కాసేపు ఆగుతుంది. అందుకే పెద్ద కోడి సీకాల్లో ఒక్క గ్రాము సరుకులో బ్యాక్టీరియా సంఖ్య వెయ్యి కోట్ల పైనే ఉంటుంది. కోడి అరిగించుకోలేని పీచును ఇవి పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ అనే చిన్న ఆమ్లాలుగా మారుస్తాయి. పేగు గోడ కణాలకు బ్యూటిరేట్ మంచి ఆహారం. గోడ బలంగా ఉంటే మేత బాగా ఒంటపడుతుంది, రోగక్రిమి రక్తంలోకి దూరే దారి మూసుకుపోతుంది.

ఇంకో విషయం ఇక్కడే చెప్పాలి. రోజులో కొన్నిసార్లు కోడి చాక్లెట్ రంగులో, జిగటగా, ఘాటైన వాసనతో రెట్ట వేస్తుంది. అది సీకాలు ఖాళీ అవుతున్న రెట్ట. చాలామంది దాన్ని పారుడు అనుకుని మందు పోసేస్తారు. ముద్దగా, నురగ లేకుండా ఉంటే అది ఆరోగ్యానికి గుర్తే. నురగతో పలుచబడినా, ఎర్రగా కనబడినా అప్పుడు డాక్టర్‌ను పిలవండి.

ప్యాకెట్ మీద రకరకాల పేర్లు ఉంటాయి. ఏ బ్యాక్టీరియా మంచిది?

మూడు గుంపులుగా చూస్తే గందరగోళం తగ్గుతుంది.

మొదటిది లాక్టోబాసిల్లస్, పీడియోకాకస్, ఎంటెరోకాకస్ లాంటి లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా. పేగులో సహజంగా ఉండేవాటికి దగ్గర, పిల్లలకు మొదటి రోజుల్లో బాగా నప్పుతాయి. కానీ సుకుమారం. వేడికి, తేమకి, క్లోరిన్‌కి చచ్చిపోతాయి. 2020లో లాక్టోబాసిల్లస్ జాతిని శాస్త్రవేత్తలు 25 జాతులుగా విడగొట్టారు, కాబట్టి కొత్త ప్యాకెట్ మీద లిమోసిలాక్టోబాసిల్లస్, లిగిలాక్టోబాసిల్లస్ అని కనబడితే కంగారు పడకండి. పాతవాళ్లే, ఇంటిపేరు మారింది.

రెండోది బాసిల్లస్ సబ్టిలిస్, బాసిల్లస్ లైకెనిఫార్మిస్, బాసిల్లస్ కోయాగ్యులన్స్ లాంటివి. ఇవి స్పోర్ రూపంలో నిద్రపోతూ ఉంటాయి. పెల్లెట్ మిల్లులో 80 నుంచి 90 డిగ్రీల వేడిని కూడా తట్టుకుంటాయి. పేగులోకి వెళ్లాక మొలకెత్తి పనిచేస్తాయి. అక్కడ శాశ్వతంగా స్థిరపడవు, కాబట్టి మేతలో వరుసగా ఇస్తూ ఉండాలి. మన వాతావరణానికి, మన గోడౌన్లకు ఇవే ఎక్కువ నమ్మకం.

మూడోది శాకరోమైసెస్ అనే ఈస్ట్. ఇది బ్యాక్టీరియా కాదు కాబట్టి యాంటీబయోటిక్‌కు చావదు. జపాన్‌లో క్లాస్ట్రిడియం బ్యూటిరికమ్ అనే రకాన్ని కూడా చాలాకాలంగా వాడుతున్నారు, ఇది నేరుగా బ్యూటిరేట్ తయారుచేస్తుంది. క్లాస్ట్రిడియం అనగానే జబ్బు గుర్తొస్తుంది గానీ ఆ కుటుంబంలో అందరూ చెడ్డవాళ్లు కారు.

జాతి పేరు తర్వాత అక్షరాలు, అంకెలతో స్ట్రెయిన్ నంబర్ ఉందో లేదో చూడండి. ఒకే బాసిల్లస్ సబ్టిలిస్‌లో ఒక స్ట్రెయిన్ బాగా పనిచేయొచ్చు, ఇంకొకటి ఏమీ చేయకపోవచ్చు. స్ట్రెయిన్ చెప్పని కంపెనీ చూపించే ట్రయల్ ఫలితాలు ఏ సరుకువో మనకు తెలియదు.

సీఎఫ్‌యూ అని రాస్తారు. అది ఎలా లెక్కేసుకోవాలి?

సీఎఫ్‌యూ అంటే ప్లేటు మీద పెంచితే కాలనీ కట్టగలిగే, అంటే బతికున్న బ్యాక్టీరియా లెక్క. గ్రాముకు 1×10⁹ అని ఉంటే 100 కోట్లు.

ఉదాహరణకు అలాంటి సరుకును టన్ను మేతకు 500 గ్రాములు కలపమన్నారు అనుకుందాం. 500 గ్రాముల్లో 50,000 కోట్లు ఉన్నట్టు. టన్ను అంటే 10 లక్షల గ్రాములు. భాగిస్తే మేతలో గ్రాముకు 5 లక్షలు వస్తుంది. గ్రాము మేతకు లక్ష నుంచి 10 లక్షల మధ్య ఉండేలా ఇచ్చిన ప్రయోగాలే ఎక్కువ కాబట్టి ఇది సరైన మోతాదే. అదే సరుకును ఖర్చు తగ్గుతుందని టన్నుకు 50 గ్రాములు వేస్తే గ్రాముకు 50 వేలకు పడిపోతుంది. అప్పుడు పనిచేయలేదని తిట్టి లాభం లేదు.

ఈ లెక్క తయారైన రోజుదా, గడువు తేదీ వరకు హామీ ఇచ్చేదా అని కూడా అడగండి. లాక్టోబాసిల్లస్ రకాల్లో ఈ రెండిటి మధ్య తేడా చాలా ఉంటుంది. మే నెలలో రేకుల షెడ్డులో నెల రోజులు పడి ఉన్న ప్యాకెట్ మీద అంకె అలాగే ఉంటుంది, లోపల మాత్రం ఎన్ని బతికి ఉన్నాయో చెప్పలేం.

ప్రీబయోటిక్‌లలో ఏవి వాడతారు? సోయా పిండిలో ఎలాగూ ఉంటాయంటారు కదా?

కోళ్లలో ఎక్కువగా వాడేది ఎంఓఎస్, అంటే ఈస్ట్ కణం గోడ నుంచి తీసే మన్నన్ ఆలిగోశాకరైడ్. దీని పని కొంచెం వేరు. ఈ.కోలై, సాల్మొనెల్లాలలో చాలావాటికి పేగు గోడను పట్టుకునే సన్నటి కొక్కేలు ఉంటాయి, అవి మన్నోజ్ అనే చక్కెర ఉన్నచోట తగులుకుంటాయి. ఎంఓఎస్‌లో మన్నోజ్ ఉంటుంది కాబట్టి ఆ కొక్కేలు దానికే తగులుకుని రెట్టలో బయటికి పోతాయి. చికోరీ దుంప నుంచి వచ్చే ఇన్యులిన్, ఎఫ్‌ఓఎస్ మాత్రం అసలైన అర్థంలో ప్రీబయోటిక్‌లు, మంచి బ్యాక్టీరియాకు తిండి. పీచు నుంచి తీసే ఎక్స్‌ఓఎస్ ఇప్పుడు బాగా ముందుకొస్తోంది. గోధుమ, తవుడు ఎక్కువ ఉన్న మేతలో పీచును విరగ్గొట్టే జైలనేజ్ ఎంజైమ్ వేస్తే అది పేగులోనే కొంత ఎక్స్‌ఓఎస్‌ను పుట్టిస్తుంది. ఎంజైమ్ కొంటున్నవాళ్లు ఈ లాభాన్ని లెక్కలో వేసుకోరు.

సోయా పిండి విషయం నిజమే. అందులో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు ఉంటాయి. కోడికి వాటిని విరగ్గొట్టే ఎంజైమ్ లేదు, బ్యాక్టీరియాకు ఉంది. కానీ వాటిని తినేది మంచివే అన్న హామీ లేదు. మోతాదు ఎక్కువైతే గ్యాస్, పలుచటి రెట్ట, తడి లిట్టర్ (కోళ్ల కింద పరిచే ఊక). ఏ ప్రీబయోటిక్ అయినా ఇంతే. పనిచేస్తోంది కదా అని రెట్టింపు వేస్తే లిట్టర్ తడిసిపోతుంది.

సరైన సమయం ఏది?

పిల్లలు దిగిన మొదటి రోజు. వీలైతే హేచరీలోనే స్ప్రే చేయించుకోవచ్చు. పిల్లలు ఈకలు శుభ్రం చేసుకుంటూ ఆ చుక్కల్ని మింగేస్తాయి. గుడ్డు లోపలే 18వ రోజు దగ్గర ఇంజెక్ట్ చేసే పద్ధతి కూడా ఉంది కానీ అది పెద్ద హేచరీల పని.

తర్వాత మేత మార్చే రోజులు, అంటే స్టార్టర్ నుంచి ఫినిషర్‌కు, చిక్ మ్యాష్ నుంచి గ్రోవర్‌కు మారేటప్పుడు. టీకాల ఒత్తిడి ఉన్నప్పుడు. గుడ్ల కోసం పెంచే లేయర్లను పంజరాల్లోకి మార్చేటప్పుడు. యాంటీబయోటిక్ కోర్సు అయిపోయిన వెంటనే. ఈ సమయాల్లో పేగులో పాత కుదురు చెదిరి ఉంటుంది.

నీళ్లలో ఇవ్వాలా, మేతలో ఇవ్వాలా?

పిల్లలకు మొదటి రోజుల్లో నీళ్లే నయం. ప్రయాణంలో అలిసిన పిల్ల మేతకన్నా ముందు నీళ్లు తాగుతుంది. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు క్లోరిన్. ట్యాంకులో క్లోరిన్ వేసి, అదే నీళ్లలో లాక్టోబాసిల్లస్ ప్యాకెట్ కలిపితే మనం కొన్నదాన్ని మనమే చంపుకున్నట్టు. ప్రోబయోటిక్ ఇచ్చే పూట శానిటైజర్ ఆపండి, లేదా టీకా నీళ్లకు చేసినట్టే స్కిమ్డ్ మిల్క్ పౌడర్‌తో క్లోరిన్‌ను తటస్థం చేసుకోండి. అసిడిఫయర్‌తో (నీళ్లను పులుపెక్కించే మందు) కలిపి ఒకే బకెట్లో పోయకండి. కలిపిన నీళ్లు కొన్ని గంటల్లోనే పిల్లలు తాగేసేలా చూడాలి.

బెల్లం నీళ్లు, ప్రోబయోటిక్ కలిపి నిపుల్ లైన్లోకి (కోళ్లు ముక్కుతో పొడిచి తాగే నీళ్ల పైపులోకి) వదిలే అలవాటు చాలాచోట్ల ఉంది. పైపు లోపల జిగట పేరుకుని అందులో రోగక్రిములు కాపురం పెడతాయి. బెల్లం ఇవ్వాలనుకుంటే చేత్తో కడిగే చిక్ డ్రింకర్లలో ఇవ్వండి.

ఆ తర్వాత బ్యాచ్ మొత్తం ఇవ్వాలంటే మేతలో స్పోర్ రకమే సులువు. పెల్లెట్ మేత అయితే స్పోర్ తప్ప వేరేది దండగ. లేయర్ ఫారాల్లో సొంతంగా మ్యాష్ ఆడించుకునేవాళ్లకు వేడి సమస్య లేదు గానీ కలపడం సమస్య. అర కిలో పొడిని నేరుగా టన్ను మేతలో చల్లితే సమంగా కలవదు. ముందు పది కిలోల తవుడులోనో మొక్కజొన్న పిండిలోనో బాగా కలిపి, ఆ తర్వాత మిక్సర్‌లో వేయాలి.

యాంటీబయోటిక్‌తో పాటే ప్రోబయోటిక్ ఇవ్వొచ్చా?

ఈస్ట్ ఇవ్వొచ్చు. బ్యాక్టీరియా ఇస్తే వృథా, కోర్సు అయ్యాక ఇవ్వండి. స్పోర్‌లు నిద్రలో ఉన్నంతసేపు మందును తట్టుకుంటాయి, కానీ మొలకెత్తగానే అవీ బ్యాక్టీరియానే.

కాక్సిడియాను అణచడానికి మేతలో వేసే కాక్సిడియోస్టాట్‌ల సంగతి చాలామంది అడగరు, అడగాలి. సాలినోమైసిన్, మోనెన్సిన్, మదురామైసిన్ లాంటివి కాక్సిడియాతో పాటు కొన్ని రకాల బ్యాక్టీరియాను కూడా అణచివేస్తాయి, లాక్టోబాసిల్లస్ ఆ జాబితాలోదే. మీ మేతలో ఏది ఉందో చెప్పి, దానితో కలిసి పనిచేస్తుందని పరీక్షించారా అని ప్రోబయోటిక్ కంపెనీని అడగండి.

యాంటీబయోటిక్‌లు పూర్తిగా మానేసి ఇవే వాడితే సరిపోతుందా?

అంత తేలిక కాదు. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మేతలో కొద్దికొద్దిగా యాంటీబయోటిక్ వేస్తే కోళ్లు త్వరగా పెరుగుతాయని బయటపడింది అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అక్కడ పరిశోధనకు అధిపతిగా ఉన్నప్పుడే డగ్గర్ అనే శాస్త్రవేత్త ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్‌ను కనుగొన్నాడు. సుబ్బారావు గారు 1948లో కన్నుమూశారు. ఆ తర్వాత అదే ల్యాబ్‌లో స్టోక్‌స్టాడ్, జ్యూక్స్ విటమిన్ బి12 కోసం వెతుకుతూ, ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టి చూశారు. విటమిన్ ఇచ్చిన లాభం కన్నా పిల్లలు ఎక్కువ పెరిగాయి. పిప్పిలో మిగిలిన యాంటీబయోటిక్ వల్లేనని 1950కల్లా తేలింది. అక్కడి నుంచి ప్రపంచమంతా ఆ దారి పట్టింది.

ఆ దారిలో మందులకు లొంగని బ్యాక్టీరియా పెరిగింది. స్వీడన్ 1986లోనే పెరుగుదల కోసం యాంటీబయోటిక్ వాడకాన్ని నిషేధించింది, యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి. మన దేశంలో 2019లో కొలిస్టిన్‌ను ఆహారం కోసం పెంచే జంతువులకు, కోళ్లకు, చేపలకు, మేతలకు వాడకుండా నిషేధించారు. మనుషులకు చివరి ఆశగా వాడే మందు అది. కోళ్లకు తేలిగ్గా వాడేశాం.

నిషేధం వచ్చినచోట రైతులకు ఎదురైన పెద్ద సమస్య నెక్రోటిక్ ఎంటరైటిస్. క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా విషం వదిలి పేగు లోపలి పొరను తినేస్తుంది. పోస్ట్‌మార్టం చేస్తే పేగు ఉబ్బి, లోపల పాత తువ్వాలులా గరుకుగా ఉంటుంది. దీనికి దారి తీసేది తరచుగా ముందు వచ్చిన కాక్సిడియోసిస్, లేదా మేతలో చేప పొడి మరీ ఎక్కువ కావడం, లేదా అరగని ప్రొటీన్ పేగు చివరికి చేరడం. కాబట్టి యాంటీబయోటిక్ తీసేసినవాళ్లు ఆ ఖాళీలో ఒక్క ప్రోబయోటిక్ పెట్టి ఊరుకోలేదు. కాక్సిడియా అదుపు, మేతలో ప్రొటీన్ నాణ్యత, ఎంజైమ్‌లు, పొడి లిట్టర్, శుభ్రమైన నీరు, బ్యాచ్‌ల మధ్య షెడ్డు ఖాళీ, అన్నీ కలిపి చేశారు. ప్రోబయోటిక్ అందులో ఒకటి.

జబ్బు వచ్చాక మాత్రం ప్రోబయోటిక్ మందు కాదు. కోళ్లు చనిపోతుంటే పోస్ట్‌మార్టం చేయించి, డాక్టర్ చెప్పిన వైద్యం చేయించండి. మందు వాడితే అమ్మే ముందు ఎన్ని రోజులు విరామం ఇవ్వాలో తెలుసుకుని పాటించండి.

లేయర్లకు ఉపయోగం ఉందా?

ఉంది, కానీ బ్రాయిలర్లలో కనిపించినంత సూటిగా కనబడదు. లేయర్ ఏడాదికి పైగా ఉంటుంది, మధ్యలో పీక్, వేసవి, మేత మార్పులు ఎన్నో వస్తాయి. రెట్ట గట్టిపడటం, మురికి గుడ్లు తగ్గడం, షెడ్డులో అమోనియా ఘాటు తగ్గడం లాంటివి ముందు కనబడతాయి. గుడ్ల శాతం, పెంకు బలం మీద కొన్ని ప్రయోగాలు లాభం చూపించాయి, కొన్ని చూపించలేదు. గోదావరి జిల్లాల్లో నూకలు, నూనె తీసిన తవుడు, రైస్ డీడీజీఎస్ (బియ్యం నుంచి ఆల్కహాల్ తీయగా మిగిలిన పిప్పి) ధరను బట్టి మార్చి మార్చి వాడుతుంటారు. అలా ముడిసరుకు తరచుగా మారే ఫారాల్లో దీనికి కాస్త ఎక్కువ పని ఉంటుందని నా అభిప్రాయం. ఏడాది పొడవునా ఒకే మేత, మంచి నీరు ఉన్న ఫారంలో ముందు చూడాల్సిన ఖర్చు ఇది కాదు.

ఎండాకాలంలో వాడితే వడదెబ్బ తగ్గుతుందా?

వడదెబ్బకు మందు కాదు. వేడికి కోడి ఒంటి వేడి తగ్గించుకోవడానికి రక్తాన్ని చర్మం వైపు పంపుతుంది, పేగుకు రక్తం తగ్గి గోడ బలహీనపడుతుంది. ఆ నష్టాన్ని ప్రోబయోటిక్ కొంత తగ్గించగలదు. ఫాగర్లు, ఫ్యాన్లు, కప్పు మీద సున్నం, చల్లని నీళ్లు, చల్లపూట మేత ఇవి ముందు. వాటి తర్వాతే ప్యాకెట్.

పెరుగు, మజ్జిగ, గంజి పోస్తే సరిపోదా? ఖర్చు లేదు కదా?

ఇంటి దగ్గర పది కోళ్లకు పులిసిన మజ్జిగ కొద్దిగా పోస్తే నష్టమేమీ లేదు. అందులోని ఆమ్లం మేలే చేస్తుంది. కానీ పెరుగులోని బ్యాక్టీరియా పాలలో పెరగడానికి అలవాటు పడినది, 41 డిగ్రీల పైన ఉండే కోడి పేగులో నిలబడే రకం కాకపోవచ్చు. కోడికి పాల చక్కెర సరిగా అరగదు కూడా, ఎక్కువ పోస్తే పారుడు పట్టుకుంటుంది. వేల కోళ్ల షెడ్డులో నిపుల్ లైన్లోకి మాత్రం అస్సలు వద్దు.

పెరటి కోళ్ల గురించి ఇంకో మాట. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ అభివృద్ధి చేసిన వనరాజా, గ్రామప్రియ పిల్లలు కూడా మెషీన్‌లో పుట్టినవే. పెరట్లో వదిలే ముందు బ్రూడింగ్ చేసే వారాల్లో వాటికి ప్రోబయోటిక్ ఇస్తే అర్థం ఉంది. తల్లి కింద పొదిగిన ఆసీల్ పిల్లలకు అక్కర్లేదు.

మా ఫారంలో పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

పోయిన బ్యాచ్‌తో పోల్చితే తెలియదు. పోయిన బ్యాచ్ వేరే హేచరీ, వేరే వాతావరణం, వేరే మేత. ఒకే రోజు, ఒకే హేచరీ నుంచి వచ్చిన పిల్లలను రెండు షెడ్లలోనో, ఒకే షెడ్డులో మధ్య జాలీ కట్టి రెండు భాగాలుగానో పెంచండి. ఒకవైపు వేసి, ఇంకోవైపు వేయకుండా చూడండి. మేత తూకం, చనిపోయినవి, బరువు రెండువైపులా విడివిడిగా రాయండి. కనీసం మూడు నాలుగు బ్యాచ్‌లు, ప్రతిసారీ పక్క మారుస్తూ చేస్తే అప్పుడు మాట్లాడొచ్చు.

లెక్క ఇలా ఉంటుంది. 5,000 కోళ్లు, సగటు 2 కిలోలు అంటే 10,000 కిలోల బరువు. ఎఫ్‌సీఆర్ (కిలో బరువు పెరగడానికి పట్టే మేత కిలోలు) 1.60 నుంచి 1.57కు తగ్గితే 300 కిలోల మేత మిగులుతుంది. మేత కిలో 40 రూపాయలు అనుకుంటే 12,000 రూపాయలు. పడిన మేత సుమారు 16 టన్నులు, టన్నుకు అర కిలో చొప్పున 8 కిలోల ప్రోబయోటిక్. కిలో 500 రూపాయలు అనుకుంటే ఖర్చు 4,000. ఇక్కడ లాభమే. కానీ అదే ఎఫ్‌సీఆర్ తేడా 0.01 మాత్రమే వస్తే మిగిలేది 4,000, ఖర్చూ 4,000. ఇంత చిన్న తేడాను కంటితో పట్టుకోలేం, అందుకే తూకం పుస్తకం కావాలి.

ఇంటిగ్రేషన్‌లో, అంటే కంపెనీతో ఒప్పందం మీద, పెంచేవాళ్లకు మేత, మందులు కంపెనీవే కాబట్టి మేతలో ఏముందో నిర్ణయించేది మీరు కాదు. సూపర్‌వైజర్‌ను అడిగి, ముందే వేసి ఉంటే మళ్లీ సొంత ఖర్చుతో నీళ్లలో పోయకండి.

వీటివల్ల హాని ఉండదా?

చాలావరకు ఉండదు, కానీ బతికున్న బ్యాక్టీరియా కాబట్టి అసలు ఆలోచించక్కర్లేదని కాదు. ఎంటెరోకాకస్ ఫీసియమ్ లాంటి కొన్ని రకాలు యాంటీబయోటిక్‌కు లొంగని జన్యువులను మోసుకుని, పేగులోని వేరే బ్యాక్టీరియాకు అందించగలవు. అందుకే యూరప్ ఆహార భద్రతా సంస్థ తన ముందస్తు సురక్షిత జాబితాలో దాన్ని చేర్చలేదు, ఒక్కో స్ట్రెయిన్‌ను విడిగా పరీక్షిస్తుంది. స్ట్రెయిన్ పేరు, నిరోధక జన్యువుల పరీక్ష ఉన్న సరుకునే కొనండి. పేరు లేని డ్రమ్ములో, చవగ్గా వచ్చేది వద్దు.

ప్రోబయోటిక్ వేసి పెంచిన కోడి, గుడ్డు తింటే మాకూ ఆ మంచి బ్యాక్టీరియా అందుతుందా?

అందదు. అవి కోడి పేగులో ఉంటాయి, మాంసంలో కాదు. ఏ కొద్దిపాటివి అంటుకున్నా వండితే పోతాయి, బాగా వండాలి కూడా. మీకు ప్రోబయోటిక్ కావాలంటే కోడికూరలోకి పక్కన పెరుగు వేసుకోండి.